గ్యాస్ లీక్ అలారం: కూకట్‌పల్లి వంటింట్లో కొన్నేళ్ల వాడకం తర్వాత

కొనేముందు అందరూ ధర, వారంటీ అడుగుతారు. నన్నడిగితే ముందు ఎక్కడ బిగిస్తారో ఆలోచించుకోండి అంటాను.

నాది ప్లగ్గుకు పెట్టే రకం. లోపల టిన్ ఆక్సైడ్ పూత, దాన్ని ఎప్పుడూ వేడిగా ఉంచే బుల్లి హీటర్. ఈ రకం సెన్సర్‌కు 1962లో జపాన్‌లో నవోయోషి తగుచి పేటెంట్ వేశాడు. గాలిలోని ఆక్సిజన్ ఆ పూతకు అంటుకుని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. గ్యాస్ తగిలి ఆ ఆక్సిజన్‌తో చర్య జరిగితే ఎలక్ట్రాన్లు విడిపోతాయి, కరెంటుకు పూత పెట్టే అడ్డు, అంటే రెసిస్టెన్స్, పడిపోతుంది, అలారం మోగుతుంది. గ్యాస్ అక్కడిదాకా రాకపోతే ఎంత ఖరీదైన సెన్సరైనా దండగే.

ఎల్పీజీ గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది. బిగించడానికి వచ్చినతను మాత్రం స్విచ్‌బోర్డు అక్కడుందని స్టవ్ గట్టు పైన పెట్టి వెళ్లిపోయాడు. నేను కొత్త ప్లగ్ పాయింట్ వేయించి, గ్యాస్ బండ పక్కన నేలకు జానెడు ఎత్తుకి మార్చాను. స్టవ్ ఆపేసి, సిగరెట్ లైటర్ వెలిగించకుండా నొక్కి చూశాను. గాలి ఆడనప్పుడు చప్పున కూసింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతూ బాల్కనీ తలుపు తీసి ఉన్నప్పుడు, అదే దూరం నుంచి నొక్కినా కిమ్మనలేదు. గ్యాసంతా అటే కొట్టుకుపోయింది మరి. ఒకసారి కూస్తే వెంటనే ఆగదు కూడా. డబ్బాలో చిక్కిన గ్యాస్ పోవాలి, పూతకు మళ్లీ ఆక్సిజన్ పట్టాలి.

శానిటైజర్‌కీ, డియోడరెంట్‌కీ కూడా అరుస్తుంది. ఎల్పీజీని విడిగా గుర్తుపట్టే తెలివి దానికి లేదు. ముసురు పట్టిన రోజుల్లో తేమకు ఇంకాస్త చిరాకు. కరెంటు పోయి వస్తే హీటర్ వేడెక్కేదాకా నమ్మకండి.

పోపుల జిడ్డు, దుమ్ము కలిసి జాలీ మూసుకుపోతుంది. పొడి బ్రష్‌తో దులపండి, తడిగుడ్డ వద్దు. సిలికోన్ ఆవిరి తగిలితే పూత మొద్దుబారిపోతుంది. అందుకే సింకు అంచులకు సిలికోన్ సీలెంట్ వేయించినప్పుడు అలారం తీసి పడగ్గదిలో పెట్టి తలుపేశాను.

పైపుల గ్యాస్ ఉన్న ఫ్లాట్లలో లెక్క తిరగబడుతుంది. అది మీథేన్, తేలిక. సీలింగ్ దగ్గర పెట్టించుకోవాలి, దానికి తగ్గ మోడలే కొనాలి.

ఐదుకి నాలుగిస్తాను. సెన్సర్ పాతబడిందని చెప్పే ఏర్పాటు లేనందుకు ఒకటి కోత. వెలుగుతున్న ఆ పచ్చలైటుకు తెలిసింది కరెంటు ఉందనే.