సూటు జేబులోకి మడత చాకు: స్లిప్‌జాయింటా, ఫ్రేమ్‌లాకా?

ఇస్త్రీ ప్యాంటు జేబులో వేసుకునే చాకు ముందుగా నెగ్గాల్సింది కోతలో కాదు, కనపడకుండా ఉండటంలో. ఆ లెక్కన స్లిప్‌జాయింటుదే పైచేయి. దీనికి లాకు ఉండదు. వెన్నులోని స్ప్రింగు ఒత్తిడే బ్లేడును పట్టి ఉంచుతుంది. అందుకే సన్నగా, నున్నటి అంచులతో చేయడం కుదురుతుంది. బ్లేడు మీది గోటిగాడిలో గోరు పెట్టి లాగితే చివర్లో టక్కుమని కూర్చోవాలి. కొనేముందు చాకు తెరిచి వెన్ను మీద వేలు రాయండి: స్ప్రింగు, బ్లేడు కలిసేచోట మెట్టు తగలకూడదు. వెలుతురుకి ఎత్తి పడితే సందు కనపడకూడదు. పిడికి ముత్యపుచిప్ప అందమే కానీ, కిందపడితే బీట వారుతుంది. నా ఓటు ఎబొనీ అనే నల్లటి గట్టి కర్రకి.

ఫ్రేమ్‌లాకులో పిడి పలకలోని ఒక ముక్కే లోపలికి వంగి బ్లేడు మడమకు, అంటే పిడిలో ఉండే చివరకు, అడ్డం పడుతుంది. చాకుల తయారీదారు క్రిస్ రీవ్ చేసిన సెబెంజా అనే చాకుతో 1990లలో పేరుకెక్కిన పద్ధతి ఇది. ఒంటి చేత్తో తెరవొచ్చు, వేళ్లమీదికి మడుచుకుపోతుందన్న భయం తక్కువ. అట్టపెట్టెలు కోసే పనుంటే ఇదే నయం. కానీ జేబుకు తగిలించే క్లిప్పు ఆ జేబు అంచును అరగదీస్తుంది, పైగా చాకుందని చాటుతుంది. నలుగురిలో చటుక్కున తెరిస్తే పక్కవాళ్లు ఉలిక్కిపడతారు కూడా.

చట్టం సంగతీ చూసుకోవాలి. బ్రిటన్‌లో కారణం చూపకుండా వెంట ఉంచుకోగలిగేది లాకు లేని, కోత అంచు 3 అంగుళాలు దాటని మడత చాకునే.

ఉత్తరాలు, దారప్పోగులు, ఓ ఆపిల్: వీటికి రెండున్నర అంగుళాల స్లిప్‌జాయింటు చాలు. అది కార్బన్ స్టీలుదైతే పండు కోసిన వెంటనే తుడవండి, లేదంటే మచ్చ పడుతుంది.