కడప బండల అరల్లో స్టీలు బాస్కెట్లు: మూడేళ్లు వాడాక

కింది అరలో వెనకేముందో చూడాలంటే ఇదివరకు నేల మీద చతికిలబడి, ముందు వరుస గిన్నెలన్నీ బయటపెట్టి, తల లోపలికి దూర్చాల్సి వచ్చేది. ఆ పని తప్పింది. బాస్కెట్ల మీద నాకున్న ఇష్టమంతా ఈ ఒక్కదానికే. పిడి పట్టి లాగితే అర మొత్తం బయటికొస్తుంది, చివరి డబ్బా కూడా పైనుంచి కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

నెల్లూరులో మా ఇల్లు పాతకాలంది. వంటగట్టు కింద కడప బండలు నిలబెట్టి చేసిన అరలు. చెద పట్టదు, నీళ్లు పడ్డా ఏం కాదు. లోతే రెండడుగులు. ఆ లోతులోకి పోయింది ఇక పోయినట్టే. బాస్కెట్ల కోసం అరలు ఖాళీ చేస్తుంటే వెనక నుంచి పురుగు పట్టిన మినప్పప్పు, మూతలేని కుక్కర్లు, ఎప్పటివో పెళ్లిళ్లలో ఇచ్చిన, కవరైనా విప్పని స్టీలు డబ్బాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. "అన్నీ పనికొచ్చేయే, ఏదీ పారేయబాక" అంటూ అత్తమ్మ అక్కడే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. అయినా సగం దాకా పంపించేశాం. ఆ మొదటి ఏడాది మా ఇంటికి ఎవరొచ్చినా ముందు బాస్కెట్లు లాగి చూపించేదాన్ని.

ఇక అసలు సంగతి. డిసెంబరులో వాయుగుండం పట్టిన వారం. కరెంటు వచ్చి పోతోంది, కావలి నుంచి ఆడబిడ్డ వాళ్లు వచ్చున్నారు, చేపల పులుసుకి చింతపండు నానబెట్టి బియ్యం కోసం కింది బాస్కెట్ లాగాను. కొన్నాళ్లుగా అది కరకరమంటూ వస్తోంది గానీ పట్టించుకోలేదు. ఆ రోజు సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. ఇంకాస్త గట్టిగా లాగేసరికి ఒక పక్క కిందికి వాలి, చానెల్లోంచి, అంటే బాస్కెట్ జారేందుకు పక్కన బిగించే పట్టాలోంచి, సన్నటి రేకు ఊడి, దాంట్లో ఉండే ఉక్కు గుండ్లు సగ్గుబియ్యంలా నేలంతా దొర్లాయి. "ఏందమ్మే ఆ చప్పుడు" అని అత్తమ్మ హాల్లోంచి. ముందుకి రాదు, వెనక్కి పోదు. సరిగ్గా పొయ్యి కిందే ఆ బాస్కెట్, దాంట్లో బియ్యం డ్రమ్ము. దాని మీదుగా వంగి వండాను ఆ పూట. పిల్లల దగ్గర్నుంచి పెద్దాళ్ల దాకా అందరి పిక్కలకీ అది తగిలింది. మా ఆయన కొబ్బరినూనె పోశాడు. చానెల్లో అప్పటికే పేరుకున్న గోధుమపిండితో కలిసి అది జిగటగా ముద్దకట్టింది, అంతకన్నా ఒరిగింది లేదు.

వాన తెరిపిచ్చాక కార్పెంటర్ వచ్చి విప్పి చూపించాడు. బాస్కెట్ కొన్న రోజులాగే మెరుస్తోంది. చానెల్ మాత్రం ఒకచోట తెల్లగా బూజులాగా, ఇంకోచోట ఎర్రగా తుప్పు. కొనేటప్పుడు మనం అడిగేదంతా బాస్కెట్ స్టీలు గురించే. చానెల్ గురించి అడిగినవాళ్లని నేను చూడలేదు. మామూలుగా వచ్చే చానెల్ స్టెయిన్‌లెస్ కాదు, ఇనుప రేకు మీద జింక్ పూత. ఆ పూత అరిగేప్పుడు ముందు తెల్లపొడి, అది అయిపోయాక ఎర్ర తుప్పు. మాది వంటిల్లు బకెట్లతో నీళ్లు కొట్టి కడిగే ఇల్లు. కింది బాస్కెట్ నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. తడి దానికి తప్పదు.

తుప్పొక్కటే అయితే కరకరలాడుతూనే ఇంకో రెండేళ్లు నడిచేదట. బండలు గోడకట్టినట్టు సమానంగా ఉండవు, పైన ఒక కొలతా కింద ఒక కొలతా. అందుకని బండకీ చానెల్‌కీ మధ్య ప్లైవుడ్ పట్టీలు పెట్టి సరిచేస్తారు. మాకు పెట్టింది మామూలు ప్లై, అంటే 303 నంబరుది. తడికి అది ఉబ్బింది, రెండు చానెళ్లనీ లోపలికి నొక్కింది, గుండ్లు నలిగాయి. నీళ్లకి తట్టుకునే ప్లై మీద 710 అని ఉంటుంది. పట్టీలే కదా అని మిగిలిన ముక్కలు వాడేస్తారు. ఆ పని ఎవరు చేశారో చెప్పి లాభం లేదు, చాలాచోట్ల ఇదే వరస.

బరువు సంగతీ ఉంది. ఇలాంటి చానెల్ జత సుమారు 35 నుంచి 45 కిలోలు మోస్తుంది, అదీ బరువు సమానంగా సర్దితే. ఇప్పుడొచ్చే బియ్యం బస్తా 26 కిలోలు, దాని పక్కన నూనె డబ్బాలు, ఇడ్లీ రవ్వ, వేరుశనగ గుళ్లు. ధాన్యం బేరం 850 కిలోల పుట్టి లెక్కన ఆడే జిల్లాలో 45 కిలోలు దేనికొస్తాయి?

షాపులో అయస్కాంతం పెట్టి "చూడండి మేడమ్, అంటుకోవట్లేదు, 304" అంటారు, అంటే మేలురకం స్టెయిన్‌లెస్ స్టీలని. అంతకన్నా తక్కువ రకం 202కి కూడా మామూలుగా అంటుకోదు. 304లో నికెల్ 8 శాతం పైన ఉంటుంది, 202లో 4 నుంచి 6 శాతమే, మిగతా లోటుకి మాంగనీసు. ఆ తేడా అయస్కాంతానికేం తెలుస్తుంది! మా సింకు పక్క బాస్కెట్‌కి అతుకుల దగ్గర గోధుమరంగు చుక్కలు వచ్చాయి. అది 304 అనే బిల్లులో ఉంది.

మొదట్లో "ఎంత చోటు కలిసొచ్చిందో" అని అందరికీ చెప్పాను. నిజానికి చోటు తగ్గింది. రెండు చానెళ్లకి అరకి అంగుళం, పైన స్టీలు కమ్మీ ఎత్తు. గిన్నె మీద గిన్నె పేర్చి ఇదివరకు పట్టించినన్ని ఇప్పుడు పట్టవు. కమ్మీల సందుల్లో గ్లాసులు ఒరుగుతాయి, మ్యాట్ వేయాల్సిందే. అటకెక్కిన సామాను గురించి అత్తమ్మ ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

పొయ్యి కింద అరకి ఇప్పుడు స్టెయిన్‌లెస్ చానెళ్లు, 710 ప్లై పట్టీలు వేయించాను. ఒక వానాకాలం గడిచింది, సాఫీగానే వస్తోంది. బియ్యం డ్రమ్ము మళ్లీ నేల మీదికొచ్చేసింది. సింకు పక్కది తీయించేసి ఉత్త బండే ఉంచాను.

ఆడబిడ్డ కావలిలో ఇల్లు కడుతూ తనకీ పెట్టించమంటావా అని అడిగింది. పప్పుల డబ్బాలకి, తాళింపు సామానుకి రెండు అరల్లో పెట్టించుకోమన్నాను. మిగతా అరలకి ఆగమన్నాను. ఆమెకి మోకాళ్ల నొప్పుల్లేవు, ఇంట్లో ఉండేది ముగ్గురు, బియ్యం నెలనెలా కొంటారు. నాలాగా వాడదు కాబట్టి నాకు పాడైనట్టు పాడవకపోవచ్చు. నాకు నచ్చినంత నచ్చకపోనూవచ్చు.