నల్లరేగడిలో పెరటి షెడ్డుకు పైల్ పునాదులు: మార్కులన్నీ పెయింట్ బకెట్‌కే

గుంటూరు వైపు నల్లరేగడి నేల. పది అడుగులకు ఎనిమిది అడుగుల సామాన్ల షెడ్డు, జీఐ పైపుల ఫ్రేము, చుట్టూ పైనా రేకులు, ఆరు కాళ్లు, కాలికో కాంక్రీటు పైల్, అంటే లోతైన సన్నటి గుంతలో పోసిన కాంక్రీటు స్తంభం. నాలుగైదు వర్షాకాలాలు, అన్నే వేసవులు దాటాక తేలిందేమిటంటే, సిమెంటు ఏ కంపెనీది, స్టీలు ఏ గ్రేడుది అన్న చర్చలన్నిటికంటే ఈ పునాదులకు ఎక్కువ మేలు చేసింది అడుగు కోసేసిన 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్. అదీ బోర్లించి పెట్టిన బకెట్. మామూలుగా నిలబెట్టి పెడితే అదే బకెట్ కీడు చేస్తుంది.

ఇల్లు కట్టేవాళ్ల భయం పునాది కుంగుతుందని. రేకుల షెడ్డుకు ఆ భయం అక్కర్లేదు. ఫ్రేము, రేకులు, తలుపు అన్నీ కలిపి మూడు నాలుగు వందల కిలోలు. కాలికి అరవై డెబ్బై కిలోలకు మించి రాదు. అంత తేలికపాటిదాన్ని నల్లరేగడి కుంగదీయదు, పైకి ఎత్తుతుంది. రోహిణి కార్తెలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చిన నేల మృగశిర వానలకు పొంగుతూ, పక్కనున్న కాంక్రీటును గట్టిగా పట్టుకుని తనతోపాటు లేపుతుంది. 12 అంగుళాల వెడల్పు, 6 అడుగుల లోతు ఉన్న పైల్ ఒక్కోటి దాదాపు 320 కిలోలు తూగుతుంది. ఆ బరువు కూడా పొంగే నేలకు పెద్ద లెక్క కాదు.

అందుకే పైల్ పై సగం నేలకు అంటుకోకూడదు, కింది సగం గట్టిగా అంటుకోవాలి. పై మూడు అడుగుల్లో గుంత గోడ వెంబడి మందపాటి పాలిథిన్ షీటు రెండు పొరలుగా చుట్టాం. నేల పొంగినప్పుడు ఒక పొర మీద ఇంకో పొర జారుతుంది. కింది మూడు అడుగులు మట్టికి నేరుగా కాంక్రీటే. ఇక నేల పైకొచ్చేచోట, చివరి అడుగున్నర దగ్గర, బకెట్ పని మొదలవుతుంది.

గుంత తీసేటప్పుడు పై అంచు ఎప్పుడూ విరుగుతుంది. మిషన్ ఊగడం వల్ల కొంత, మనుషులు అంచున నిలబడటం వల్ల కొంత. కింద 12 అంగుళాలున్న గుంత పైన 16, 18 అంగుళాలవుతుంది. అలాగే మాలు (కలిపిన కాంక్రీటు) పోస్తే పైల్ తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ గొడుగు అంచు కింద మట్టి చేరి, పొంగినప్పుడల్లా కింద నుంచి ఎత్తుతుంది. బకెట్ ఆ గొడుగును రానివ్వదు. పెయింట్ బకెట్ మూతి దాదాపు 12 అంగుళాలు, అడుగు పదిన్నర. మూతి కిందికి, కోసిన అడుగు పైకి వచ్చేలా బోర్లిస్తే కాంక్రీటు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. పక్కల మట్టి పొంగినా ఏటవాలు గోడను ఒత్తుతుందే తప్ప, ఎత్తడానికి పట్టు దొరకదు. మూతి పైకి పెడితే ఏటవాలు తిరగబడి, చిన్నదే అయినా మళ్లీ గొడుగే తయారవుతుంది. ఎనిమిది తొమ్మిది అంగుళాలు నేలలో, ఐదు అంగుళాలు నేలపైన ఉండేలా, రసమట్టంతో చూసి నిలబెట్టి, చుట్టూ మట్టి కూరితే చాలు. బకెట్ చెవులూ హ్యాండిలూ ముందే కోసెయ్యాలి.

బకెట్ విలువ తెలిసింది మాత్రం అది లేని ఆరో కాలు వల్లే.

తలుపు పక్క మూల గుంతకు పై అంచు బాగా విరిగి 20 అంగుళాలయింది. బకెట్ వదులుగా ఊగుతోందని మేస్త్రీ దాన్ని తీసి పక్కన పెట్టి, విరిగిన గుంత నిండా మాలు పోసి పైన చదును చేశాడు. చూడటానికి ఆరింటిలో అదే బలంగా కనిపించింది. మొదటి వర్షాకాలం సగం గడిచేసరికి తలుపు గడియ దాని రంధ్రంలో పడటం మానేసింది. కీళ్లు వంగాయేమో, ఫ్రేము వెల్డింగు పోయిందేమో అని చూస్తే అవేమీ కాదు. లెవెల్ ట్యూబ్ (మట్టం చూసే నీళ్ల గొట్టం) పట్టి, ఫ్రేము కాళ్లను పైల్స్‌కు బోల్టులతో బిగించే ఆరు బేస్ ప్లేట్లనూ ఒకదానితో ఒకటి పోల్చితే, ఐదూ మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడాలో ఉన్నాయి. ఆ మూల ఒక్కటే 17 మిల్లీమీటర్లు పైకి లేచింది. (ఇంటి గోడ మీది గుర్తుతో పోల్చి లాభం లేదు. అదే నేల మీదున్న ఇల్లు కూడా కదులుతుంది.)

వేసవిలో దిగుతుందిలే అనుకోవడానికి వీల్లేదు. దిగింది, సగమే. పైల్ లేచినప్పుడు దాని అడుగున ఖాళీ ఏర్పడుతుంది. పక్కల నుంచి రాలిన మట్టి ఆ ఖాళీలో చేరుతుంది. నేల తగ్గినా పైల్ పాత చోటికి రాలేదు. మరుసటి ఏడు కొత్త ఎత్తు నుంచి మళ్లీ లేస్తుంది. ఇలా ఏటా కొంచెం కొంచెం.

మరమ్మతు వేసవి చివర, నేల బాగా కుంచించుకున్నప్పుడు చేయాలి. ముందు రెండు పక్కలా జాకీలు పెట్టి ఫ్రేము బరువు పైల్ మీద పడకుండా ఆపాలి. పైల్ చుట్టూ రెండడుగుల లోతు తవ్వి, గొడుగు అంచును ఉలి, సమ్మెటతో పగలగొట్టి, కాంక్రీటును నిట్టనిలువుగా చేసి, పాలిథిన్ రెండు చుట్లు చుట్టి, దాని చుట్టూ అంగుళం మందం థర్మోకోల్ పెట్టి మట్టి కూరాం. ఇసుక కూరమని చాలామంది సలహా ఇస్తారు. నల్లరేగడిలో అది చేయకూడదు. ఇసుక నీటికి దారి చూపించి పైల్ అడుగుకే చేరుస్తుంది. లేచిపోయిన ఎత్తును బేస్ ప్లేటు కింది నట్లు దించి సర్దాం. ఆ తర్వాత వానలకు గడియ సరిగానే పడుతోంది. ఆ పగలగొట్టే పని ఒక పూట పోతే, చేసినవాళ్ల చేతులు వారం నొప్పి పెట్టాయి. ఊరికే వచ్చే బకెట్‌ను పక్కన పెట్టినందుకు ఇంత.

ఇక పోతలో జరిగే తప్పులు. ఒక గుంతకు ఒక బస్తా అన్న లెక్క ఎక్కడ చూసినా వినిపిస్తుంది. ఎం20 రకం కాంక్రీటుకు 1:1½:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) 50 కిలోల బస్తాకు వచ్చే కాంక్రీటు దాదాపు 4.5 ఘనపుటడుగులు. 12 అంగుళాల గుంత 6 అడుగులకు 4.7 పడుతుంది. నేలపైన నిలిచే మెడ, విరిగిన అంచులు కలిపితే ఐదు దాటుతుంది. అంటే ప్రతి గుంతలో పైన అరడుగు పైచిలుకు తక్కువ పడుతుంది. అప్పుడేం చేస్తారు? తట్టలో మిగిలిన మాలులో నీళ్లు కలిపి, పిడికెడు సిమెంటు చల్లి నింపేస్తారు. సరిగ్గా బోల్టులు కూర్చునే చోట, సరిగ్గా నేల లాగే చోట. బోల్టు చుట్టూ కాంక్రీటు గోకితే పొడి రాలిందంటే కారణం ఇదే. గుంతకు ఒకటింపావు బస్తా చొప్పున ఆరింటికి ఏడున్నర, చేతిలో ఎనిమిది ఉంచుకోవాలి. ఇసుక 15 ఘనపుటడుగులు, 20 ఎంఎం కంకర 30. నీళ్లు బస్తాకు 30 లీటర్లు దాటకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి.

మధ్యలో భోజనానికి ఆగాల్సి వస్తే గుంతకూ గుంతకూ మధ్య ఆగాలి. సగం గుంతలో ఆగితే ఆ అతుకు దగ్గరే పైల్ రెండుగా తెగుతుంది. పైభాగాన్ని నేల పైకి లాగుతుంటుంది, అడుగు భాగం పట్టి ఉంచుతుంటుంది. ఇనుము కూడా అందుకే అడుగు దాకా ఉండాలి. 10 ఎంఎం రాడ్లు నాలుగు, ఆరున్నర అంగుళాల వెడల్పు 8 ఎంఎం రింగులు అరడుగుకొకటి. ఆరు కాళ్లకు రాడ్లు 28 కిలోలు, రింగులు 20 కిలోల దాకా పడతాయి. తేలిక షెడ్డుకు ఇంత ఇనుమెందుకని మేస్త్రీలు నవ్వుతారు. అది బరువు మోయడానికి కాదు, తెగకుండా ఉండటానికి. మాలును ఆరడుగుల పైనుంచి ఒక్కసారిగా వదిలితే కంకర రాడ్లకు తగిలి విడిపోతుంది. రేకును గరాటులా చుట్టి దించాలి. ఒక్కో అడుగు ఎత్తు పోసిన ప్రతిసారీ 16 ఎంఎం రాడ్‌తో పాతిక పోట్లైనా పొడవాలి.

ట్రాక్టరుకు తగిలించే గుంతల మిషన్ మూడడుగుల దాకానే దిగుతుంది. మిగతా మూడడుగులు చేతి ఆగర్‌తోనే, అంటే చేత్తో తిప్పి గుంత తీసే బర్మాతో. కార్తీకం దాటాక, సంక్రాంతి లోపు తవ్వితే గోడలు నిలుస్తాయి, నీరూ ఊరదు. తవ్విన రోజే పోయాలి.

బకెట్‌ను ఇంత మెచ్చుకున్నాక కొన్ని చెప్పక తప్పదు. బోర్లించాక పైన దొరికే వెడల్పు పదిన్నర అంగుళాలే. 8 అంగుళాల చదరపు బేస్ ప్లేటు పెడితే మూలలు కాంక్రీటు దాటి బయటికి వస్తాయి. 6 అంగుళాల ప్లేటు, 4 అంగుళాల దూరంలో నాలుగు 12 ఎంఎం బోల్టులు, అంతవరకే. ఫ్యాబ్రికేటర్ ముందే 8 అంగుళాల ప్లేట్లు కోసి తెచ్చాడంటే గొడవే. ప్లైవుడ్ ముక్కకు నాలుగు బొక్కలు వేసి బోల్టులు అందులో బిగించి పాతితేనే తర్వాత ప్లేటు కూర్చుంటుంది.

ఇంకోటి. బకెట్ అంచుకు అంగుళం కిందిదాకానే మాలు పోస్తే పైన నీళ్లు నిలబడి క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచి గట్టిపరచడం) దానంతటదే అయిపోతుందని సంబరపడ్డాం. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు పది రోజులైనా తడి ఉండాలి కాబట్టి అది నిజంగానే సుఖం. కానీ ఆ అంచును తర్వాత కోసెయ్యకపోతే వాన నీళ్లు కూడా అలాగే నిలుస్తాయి. రెండో ఏటికి నట్లు తుప్పు పట్టాయి, స్పానర్ తిరగదు. క్యూరింగ్ అవగానే అంచు కోసి, ప్లేటు కింద నుంచి బయటికి వాలు ఇచ్చి గ్రౌట్ చేయడం (సిమెంటు మాలుతో సందు నింపడం) మేలు. ఎండకు తగిలే బకెట్ ముక్క ఎలాగూ రెండు మూడు వేసవుల్లో పెళుసెక్కి పగులుతుంది. నేలలో ఉన్నది మాత్రం తవ్వి చూసినప్పుడు కొత్తదిలాగే ఉంది.

షెడ్డు లోపలి నేలను కాళ్లకు కలపలేదు. మొరం పరిచి దిమ్మిస కొట్టి పైన షాబాద్ బండలు. వేసవిలో ఒకటి రెండు ఊగుతాయి, లేపి సర్దుకోవచ్చు. కింది పైపుకూ నేలకూ మధ్య నాలుగు అంగుళాల ఖాళీ వదిలాం, నేల పొంగి ఫ్రేమును తన్నకుండా. ఆ ఖాళీ ఎలుకలకూ, వాటి వెనకాల పాములకూ రాజమార్గమైంది. పాత లారీ ట్యూబులు పట్టీలుగా కోసి వేలాడదీశాక కొంత నయం, పూర్తిగా కాదు.

మరొకటి అనుకోకుండా తెలిసింది. అంట్లు తోమే నీళ్లు పారే మూల కాలు దాదాపు కదలనే లేదు. అక్కడ నేల ఏడాది పొడవునా తడి కాబట్టి పొంగడం, కుంచించుకోవడం రెండూ తక్కువ. వేపచెట్టు వైపు కాలు తక్కిన నాలుగు మంచివాటి కంటే కొంచెం ఎక్కువ ఆడుతోంది. చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా కాంక్రీటు ఏప్రాన్ వేస్తే తగ్గాలి. ఇంకా వేయలేదు.

మరి వేసుకోవచ్చా? మీ నేలను బట్టి. ఎర్ర చెలక, మొరం నేలల్లో ఈ తతంగమంతా దండగ. రెండడుగుల చదరం, రెండున్నర అడుగుల లోతు గుంత తీసి మామూలు ఫుటింగ్ వేస్తే సరిపోతుంది. నల్లరేగడిలో మాత్రం ఆ మామూలు గుంతే నీళ్లు నిలిచే తొట్టి అవుతుంది, పైలే నయం. అయితే ఆరడుగులన్నది రాజీ లోతు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ నేలల కోసమే రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్స్ మూడున్నర మీటర్లు దిగుతాయి, అడుగున కాడకు రెండున్నర రెట్లు వెడల్పు బల్బుతో. రేకుల ఫ్రేము నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఓర్చుకుంటుంది కాబట్టి ఇక్కడ ఆరడుగులతో గడిచింది. ఇటుక గోడ ఓర్చుకోదు, ఆ కదలికకే పగులు ఇస్తుంది. గోడలతో గది కట్టాలనుకుంటే ఇంజినీరుకు చూపించి ఆ లోతుకే వెళ్లాలి. పెరట్లోకి ట్రాక్టరు రాకపోతే, మొత్తం ఆరడుగులూ చేతి ఆగర్‌తో తవ్వే కూలి ఎంతవుతుందో ముందే కనుక్కుని దిగండి. పెయింటర్ల దగ్గర బకెట్లు అడిగేటప్పుడు ఆరూ ఒకే కంపెనీవి, ఒకే కొలతవి చూసి తీసుకోండి. లేకపోతే బోల్టుల ప్లైవుడ్ ముక్క ఒకదానికి సరిపోయి ఇంకోదానికి సరిపోదు.