వాల్‌గ్రిండ్ నాలుగేళ్ల వాడకం: ఫైబర్లతో పడ్డ తిప్పలు

పలాస చుట్టుపక్కల జీడిపప్పు యూనిట్ల కాటాల నుంచి తూకాలు లాగే ప్రోగ్రాం నాది. సీ భాషలో రాశాను, శ్రీకాకుళంలో ఇంటి నుంచే చూసుకుంటాను. ఒక్కో కాటాకు ఒక్కో ఫైబర్, అంటే సొంత స్టాక్ (లోకల్ వేరియబుళ్లు ఉండే మెమరీ) ఉన్న చిన్న పని. తన పని అయ్యాక తానే పక్కదానికి దారి వదులుతుంది.

మొదటిసారి దాన్ని వాల్‌గ్రిండ్ (ప్రోగ్రాం నడుస్తుండగా మెమరీ తప్పులు పట్టే పనిముట్టు) కింద నడిపితే స్క్రీన్ నిండా తప్పులే. సగం నా తప్పులు కావు. స్టాక్ పాయింటర్ (స్టాక్‌లో ఇప్పుడెక్కడున్నామో చెప్పే అడ్రస్) ఒకేసారి 20 లక్షల బైట్లకు మించి దూకితేనే అది 'స్టాక్ మారిందేమో' అనుకుంటుంది. నా స్టాకులు 64 కేబీవి, పక్కపక్కనే ఉన్నాయి. దూకుడు చిన్నది కాబట్టి అదే స్టాక్ పెరిగింది, తగ్గింది అనుకుని మంచి మెమరీని చెల్లనిదిగా గుర్తు పెట్టేసింది. పెద్ద దూకుడుకు వచ్చే హెచ్చరికేమో ఆ 20 లక్షల హద్దును, అంటే మాక్స్ స్టాక్‌ఫ్రేమ్‌ను, పెంచమంటుంది. ఫైబర్లున్నవాళ్లు అది నమ్మి పెంచితే గొడవ ఇంకా ముదురుతుంది. నేను పెంచాను, రెండు రోజులు పోయాయి.

దీనికి మందు వాల్‌గ్రిండ్ ఇచ్చే స్టాక్ రిజిస్టర్ మాక్రో (మన కోడ్‌లో పెట్టే చిన్న పిలుపు). ప్రతి స్టాక్ మొదలూ చివరా చెప్పాలి, అదిచ్చే నంబరు దాచుకుని, స్టాక్ తీసేసేటప్పుడు డీరిజిస్టర్ చేయాలి. వాల్‌గ్రిండ్ లేకుండా నడిపినా ఈ మాక్రోల బరువు తెలియదు, అందుకే అసలు బిల్డ్‌లోనూ ఉంచేశాను.

అయినా ఒక బగ్ దొరకలేదు. "ఏటి బాబూ, నిన్నటి బస్తా బరువే మళ్లీ చూపిస్తంది?" అని యూనిట్ ఆయన ఫోన్. ఒక ఫైబర్ తన లోకల్ వేరియబుల్ అడ్రస్ క్యూలో పెట్టి ముగిసిపోయేది. ఆ స్టాక్‌ను నేను ఫ్రీ చేయను, పూల్‌లో పెట్టి మళ్లీ వాడతాను. వాల్‌గ్రిండ్ కంటికి అది ఇంకా బతికున్న మెమరీయే! పూల్‌లోకి వెళ్లే స్టాక్‌ను నోయాక్సెస్ (ముట్టరాదు) అనీ, బయటకు తీసేటప్పుడు అన్‌డిఫైన్డ్ (ఇంకా విలువ పెట్టలేదు) అనీ గుర్తు పెట్టించాక పది నిమిషాల్లో లైను నంబరుతో సహా పట్టిచ్చింది. ఆ ఒక్కదానికి దీని కష్టాలన్నీ మర్చిపోయాను.

అడ్రస్ శానిటైజర్ (కంపైలర్‌తో వచ్చే, మెమరీ తప్పులు పట్టే ఇంకో పనిముట్టు) కూడా వాడతాను. దానికి ఫైబర్ మారే ముందొక ఫంక్షన్, మారాక ఒకటి పిలవాలి. ఆఖరిసారి వెళ్లిపోయే ఫైబర్ ఆ ముందు పిలుపుకు మొదటి ఆర్గ్యుమెంట్‌గా నల్ ఇవ్వాలి, లేకపోతే దాని ఫేక్ స్టాక్ (లోకల్ వేరియబుళ్ల కోసం శానిటైజర్ విడిగా పెట్టుకునే మెమరీ) అలాగే మిగిలిపోతుంది. వేగంలో ఇదే నయం, సుమారు రెండింతలే నెమ్మది. కానీ విలువ పెట్టకుండా వాడిన వేరియబుల్‌ను పట్టదు.

వాల్‌గ్రిండ్ కింద ఇరవై, ముప్పై రెట్లు నెమ్మది. నిజం కాటా పెడితే టైమౌట్ కొట్టేస్తుంది. అందుకని ముందే రికార్డు చేసుకున్న తూకాల ఫైలు ఇచ్చి, రాత్రి కరెంటు ఉంటుందని నమ్మకం కుదిరినప్పుడు వదిలి పడుకుంటాను.