మలేరియా రాపిడ్ కార్డు: గర్భిణి విషయంలో ఎంతవరకు నమ్మొచ్చు?

కోఠిలో దొరికే మూడు గీతల మలేరియా కార్డు మంచి సరుకే. కార్డు పనిచేసిందని చెప్పే కంట్రోల్ గీత, మలేరియా పరాన్నజీవి రకాలైన ఫాల్సిపారం, వైవాక్స్ గీతలు విడివిడిగా తేలతాయి. కానీ చదువుకో, వైద్యానికో ఆఫ్రికా నుంచి హైదరాబాద్ వచ్చిన గర్భిణికి జ్వరమైతే, మైక్రోస్కోపు లేని ల్యాబులో ఈ కార్డొక్కటే పెట్టుకుని రిపోర్టు ఇవ్వకండి.

వాడకం తేలికే. వేలి నుంచి 5 మైక్రోలీటర్ల రక్తం, కరపత్రంలో చెప్పినన్ని బఫర్ చుక్కలు, 15 నుంచి 20 నిమిషాలు. బఫర్ అయిపోయిందని సెలైన్ పోస్తే లేని జబ్బుకు గీత పడొచ్చు. ఆ నిమిషాలు దాటాక చూసినా అంతే. పౌచ్ ముందే చింపితే కార్డుకు తేమ పడుతుంది. నిల్వ హద్దు కొన్నింటికి 30 డిగ్రీలు, కొన్నింటికి 40. మే నెల ఎండలో బండి డిక్కీలో ఉన్న పెట్టెను వాడొద్దు. మలేరియా గీత ఎంత లేతగా పడినా పాజిటివే.

గర్భంతో ఉంటే ఫాల్సిపారం సోకిన ఎర్రకణాలు మాయలో (ప్లాసెంటాలో) అతుక్కుని ఉండిపోతాయి. వేలి రక్తంలో దొరకవు. అవి వదిలే హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీన్ మాత్రం రక్తంలో తిరుగుతుంది, ఫాల్సిపారం గీత పట్టేది దాన్నే కాబట్టి, మైక్రోస్కోపు కింద చూసే రక్తపు స్లైడుకు చిక్కనిది ఒక్కోసారి కార్డుకు చిక్కుతుంది. ఈ కార్డులో మాకు నచ్చేది ఇదే. అయితే ఎరిత్రియా, ఇథియోపియా, జిబూతిలలో ఆ ప్రోటీన్ జన్యువే లేని ఫాల్సిపారం ఉంది, దాన్ని ఈ గీత పట్టలేదు. ఆఫ్రికాలో ఉండే ఓవేల్, మలేరియే రకాలకు ఇందులో గీతే లేదు. మందు వాడాక కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపిస్తుంది కనుక, తగ్గిందో లేదో స్లైడు మీదే చూడాలి. 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో పరాన్నజీవిని మైక్రోస్కోపుతో చూసింది సికింద్రాబాద్‌లోనే. ఇక్కడ ఆ విద్య మూలన పడటం బాధాకరం. కార్డు నెగటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో స్లైడు మళ్లీ వేయండి.

హెచ్‌ఐవీ సంగతీ చూడాలి. మలేరియా ఎక్కువగా ఉన్నచోట తొలి కాన్పుకే ముప్పెక్కువ, తర్వాతి కాన్పులకు తగ్గుతుంది. హెచ్‌ఐవీ ఉంటే ఆ రక్షణ సరిగా రాదు. కాబట్టి మూడో కాన్పు కదా అని వదిలేయకూడదు. ఆమె సమ్మతితో ఐసీటీసీకి (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రానికి) పంపండి, గాంధీ, ఉస్మానియాలలో పరీక్ష ఉచితం. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమోక్సజోల్ మాత్ర వాడుతున్న గర్భిణికి మలేరియా రాకుండా ఇచ్చే సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ ఇవ్వకూడదు, రెండిట్లోనూ సల్ఫా మందే ఉంటుంది. ఆమె కోట్రైమోక్సజోల్ వాడుతుంటే ఆ పేరు రిపోర్టు మీదే రాసి డాక్టరుకు పంపండి.