లిప్‌బామ్ మన ఎండకు ఆగుతుందా? డీఎస్‌సీ మెషీన్‌తో నా అనుభవం

వరంగల్‌లో లిప్‌బామ్‌లు, కాటుక, క్రీములు తయారుచేసే చిన్న యూనిట్‌లో క్వాలిటీ పని నాది. మా సరుకు మే నెలలో కూడా పార్సిల్ వ్యాన్లలో రామగుండం, ఆదిలాబాద్ షాపులకు పోతుంది. బయటే 44 డిగ్రీలుంటే మూసిన వ్యాన్‌లో ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. అందుకే డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమీటర్, అంటే డీఎస్‌సీ, కొన్నేళ్లుగా మా దగ్గర రోజూ నడుస్తోంది.

చిన్న అల్యూమినియం పాన్‌లో ఐదారు మిల్లీగ్రాముల శాంపిల్ పెడతాం, పక్కన ఖాళీ పాన్. రెండింటినీ ఒకే వేగంతో వేడి చేస్తుంటే, కరిగే మైనం అదనంగా ఎంత వేడి పీల్చుకుందో గ్రాఫ్‌లో పీక్‌గా కనిపిస్తుంది.

కొత్తగా వాడేవాళ్లు ఆ పీక్ దగ్గరి అంకె రాసుకుని వెళ్లిపోతారు. నేను చూసేది దానికి ముందున్న వాలు. తేనెమైనం 62–64 డిగ్రీలకు కరుగుతుంది, షియా గింజల నుంచి తీసే కొవ్వు, షియా బటర్, మాత్రం ఒంటి వేడికే మెత్తబడుతుంది. కాబట్టి పీక్ 60 దగ్గర వచ్చిందని సంబరపడి లాభం లేదు. 45 డిగ్రీల లోపు గ్రాఫ్ కింద ఎంత వైశాల్యం ఉందో లెక్కేస్తే, బామ్‌లోని గట్టి పదార్థాల్లో ఎంత వంతు వ్యాన్‌లోనే కరిగిపోతుందో దాదాపుగా తెలుస్తుంది. నాకు ఈ మెషీన్ మీద గురి కుదిరింది ఇక్కడే.

ఆదిలాబాద్ నుంచి ఒకసారి వాపసొచ్చిన బామ్‌ను వేలితో రుద్దితే రవ్వరవ్వగా తగిలింది. బ్లేడుతో సన్నటి పొర కోసి, పాన్ అడుగుకు ఆనేలా పరిచి, మూత ప్రెస్ చేసి పెట్టాం. తాజా బామ్‌లో లేని చిన్న బుడిపె ఒకటి షియా భాగం దాటాక కనిపించింది. దారిలో కరిగిన బామ్ నిదానంగా చల్లారుతూ, షియాలోని గట్టి కొవ్వులు విడిగా గడ్డకట్టాయన్నమాట. అదే శాంపిల్‌ను చల్లార్చి మళ్లీ వేడి చేస్తే బుడిపె లేదు! సరుకు ఏమేం పడి వచ్చిందో చెప్పేది మొదటి హీటింగే. రెండోది ముడిసరుకు లాట్లు పోల్చుకోవడానికి బాగుంటుంది. తేనెమైనం గ్రాఫ్ పాత మంచి లాట్ గ్రాఫ్‌తో కలవకపోతే పెట్రోలియం మైనమైన పారఫిన్ కలిపారేమోనని సపోనిఫికేషన్ వాల్యూ, అంటే క్షారంతో ఎంత మేరకు సబ్బుగా మారుతుందో చెప్పే అంకె, చూస్తాం.

క్రీముల విషయంలో నాకు అంత తృప్తి లేదు. మూత గట్టిగా బిగిసే పాన్ వాడకపోతే, నీళ్లు ఆవిరయ్యే పెద్ద పీక్ మిగతావన్నీ కప్పేస్తుంది. నీటి లెక్కకు బరువు తగ్గడాన్ని కొలిచే టీజీఏ మేలు. స్టిక్ విరుగుతుందా, పెదవికి జిగటగా తగులుతుందా అన్నవి డీఎస్‌సీ చెప్పదు. కాబట్టి 45 డిగ్రీల ఓవెన్‌లో వారాల తరబడి పెట్టే పరీక్ష మేం మానలేదు.

మెయింటెనెన్స్ ఓపికతో కూడిన పని. నైట్రోజన్ సిలిండర్ అయిపోకుండా చూసుకోవాలి, తూకం వేసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి. మెషీన్ అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలియడానికి, ఇండియం అనే లోహం 156.6 డిగ్రీలకే కరుగుతోందా అని తరచూ సరిచూడాలి. పాన్ లీకై సెన్సార్‌కు మైనం అంటితే గ్రాఫ్‌లో పీక్‌లు లేనిచోట తిన్నగా ఉండాల్సిన గీత, బేస్‌లైన్, వంకరపోతుంది. సర్వీస్ ఇంజినీర్ హైదరాబాద్ నుంచి రావాలి, సీజన్‌లో ఆ ఎదురుచూపు పెద్ద టెన్షన్.

చిన్న యూనిట్లవాళ్లు కొనక్కర్లేదు, బయటి ల్యాబ్‌కు పంపినా చాలు. కాకపోతే ఒక్క మెల్టింగ్ పాయింట్ రాసిన కాగితం తీసుకోకండి. రెండు హీటింగ్‌ల గ్రాఫ్‌లు, 45 డిగ్రీల వరకు కరిగిన వంతు అడిగి తీసుకోండి.