ఓటు ఊళ్లోనా, హాస్టల్లోనా: ఏది మేలు?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, హాస్టల్ విద్యార్థులు ఇదే అడుగుతారు: ఓటు ఊళ్లోనే ఉంచుకోవాలా, చదివే చోటికి మార్చుకోవాలా? రెండూ చెల్లుతాయి. గుర్తింపు ఉన్న, కనీసం ఏడాది సాగే కోర్సు అయితే ప్రిన్సిపాల్ లేదా రిజిస్ట్రార్ ఇచ్చే బోనఫైడ్ (అక్కడ చదువుతున్నారనే ధ్రువపత్రం) జతచేసి హాస్టల్ అడ్రస్‌తో దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకేసారి రెండు చోట్ల పేరుండటం మాత్రం నేరం.

ఊరి ఓటుకు ఉన్న బలం పంచాయతీ. దాని జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది కాబట్టి, పేరు మారిస్తే సర్పంచ్‌ని ఎన్నుకునే అవకాశం పోతుంది. రెండు మూడు గంటల్లో ఇల్లు చేరేవాళ్లు మార్చుకోనక్కర్లేదు.

దూరం నుంచి వచ్చినవాళ్లకు అసలు తేల్చాల్సింది ఒక్కటే: పోలింగ్ రోజున మీరెక్కడ ఉంటారు? తెలంగాణ అసెంబ్లీకి 2018లో డిసెంబర్ 7న, 2023లో నవంబర్ 30న పోలింగ్ జరిగింది. రెండూ సెమిస్టర్ రోజులే. ఒక్కరోజు సెలవులో హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ పల్లెకు వెళ్లి ఓటేసి, మర్నాడు క్లాసుకు రావడం ఎంతమందికి కుదురుతుంది? ఆంధ్రలో 2024 పోలింగ్ మే 13, సోమవారం. శని, ఆదివారాలు కలిసొచ్చినా ఆ తేదీ బయటికొచ్చింది మార్చి 16న. అప్పట్లో రైలు రిజర్వేషన్ 120 రోజుల ముందే తెరిచేవారు. అంటే తేదీ తెలిసేసరికే టికెట్ల అమ్మకం మొదలై రెండు నెలలైంది. మే నెలకల్లా హాస్టల్ ఖాళీ చేసేవాళ్లయితే ఊరి ఓటే నయం. మిగతావాళ్లకు నేను హాస్టల్ ఓటే చెబుతాను.

ఇంకో కారణమూ ఉంది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ భూమి మీద నిర్ణయం తెలంగాణ ప్రభుత్వానిది. శ్రీకాకుళంలోనో కేరళలోనో ఓటున్న విద్యార్థి ఈ క్యాంపస్‌లోనే ఐదేళ్లుంటున్నా, ఇది ఉన్న శేరిలింగంపల్లి ఎమ్మెల్యేని ఎన్నుకోవడంలో అతనికి పాత్ర లేదు. ఉన్నచోట నిర్ణయాలు మన మీదే పడుతున్నప్పుడు ఓటూ అక్కడే ఉండాలని నా నమ్మకం. పైగా జాబితాలో ఎన్ని పేర్లున్నాయో చూసే బూత్‌లు పెడతారు. హాస్టల్ పేర్లు వందల్లో చేరితేనే క్యాంపస్‌లో బూత్ కావాలని గట్టిగా అడగగలం.

పోస్టల్ బ్యాలెట్ మామూలు విద్యార్థులకు లేదు. ఉన్నచోటి నుంచే ఊరి ఓటు వేయడానికి వీలిచ్చే రిమోట్ ఓటింగ్ యంత్రం గురించి ఎన్నికల సంఘం 2022 డిసెంబర్‌లో ప్రకటించింది కానీ, అది వాడుకలోకి రాలేదు.

కొత్తగా చేరేవాళ్లకు ఫారం 6, పాత ఓటు మార్చుకునేవాళ్లకు ఫారం 8. పదిహేడు నిండితే ముందుగానే దరఖాస్తు పెట్టొచ్చు. చదువైపోయాక ఫారం 8తోనే పేరు మళ్లీ ఊరికి తెచ్చుకోవచ్చు. అన్నిటికన్నా ఆలస్యమయ్యేది బోనఫైడ్ దగ్గరే. యూనివర్సిటీలు అడ్మిషన్ల వారంలోనే హాస్టల్ ఆఫీసులో టేబుల్ వేసి, దాన్ని సంతకంతో సహా చేతికివ్వాలి.